మంజులకు నేను పెట్టిన పేరు

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అలా అయితేనే చెప్పగలననిపించింది. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మా ఆయన దగ్గర ఒకసారి మొదలుపెట్టి, మధ్యలో మాట మార్చేశాను. మా అమ్మ పోయేముందు ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఇన్నేళ్లూ ఈ బరువు నాతోనే నిద్ర లేచింది, నాతోనే పనికి వచ్చింది, ఎదుటివాళ్లు తమ బాధ చెప్పుకుంటుంటే నా లోపల ఓ పక్కన కూర్చుని వింది. అలిసిపోయాను. పశ్చాత్తాపం అంటే పెద్ద మాట అవుతుంది. నాలో ఉన్నది ముందు అలసటే.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. మందులు రాయను, అది మానసిక వైద్యుల పని. మనిషితో మాట్లాడి, అవసరమైన పరీక్షలు చేసి, వాళ్లను వేధిస్తున్నది ఏ కోవలోకి వస్తుందో తేల్చడంలో సాయపడటం, మాటలతో చేయగలిగిన వైద్యం చేయడం నా పని. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. నేను అక్కడే పెరిగాను. చదువు అవగానే అక్కడే ఒక పెద్ద డాక్టరు గారి క్లినిక్‌లో చేరాను. ఆయన పేరు చెప్పను. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

అప్పట్లో నాకు అన్నీ తెలుసనుకునేదాన్ని. మా పుస్తకాల్లో ప్రతి జబ్బుకూ ఒక పేరు, ఆ పేరు కింద లక్షణాలు, అవి ఎన్నాళ్లు ఉండాలో గడువు, ఏది కనిపిస్తే ఏది కాదని తీసెయ్యాలో ఆ వివరం, అన్నీ ఉంటాయి. అవి నాకు కంఠతా వచ్చు. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే నా బుర్ర ఆ మనిషికి తగిన అర వెతుక్కునేది. అర దొరికితే హాయిగా ఉండేది. ఎవరికి హాయి? నాకే. ఆ తేడా అప్పుడు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మంజులను తీసుకొచ్చింది అలాంటి రోజుల్లోనే. హయత్‌నగర్‌లో హైవే మీద టైల్స్ షాపు నడిపే కుటుంబంలో కోడలు. నా వయసే ఉంటుంది. పాప పుట్టి ఇంకా రెండు వారాలు కాలేదు. కొన్ని రోజులుగా నిద్ర లేదు. కాసేపు పెద్దగా పాడుతుంది, అంతలోనే వెక్కి వెక్కి ఏడుస్తుంది. పాపను ఎవరో మార్చేశారంటుంది. ఫ్యానులోంచి తనను పిలుస్తున్నారంటుంది. పొద్దుటో సాయంత్రమో తెలియని స్థితి. భర్త ఒక చెయ్యి, అత్త ఒక చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు.

డాక్టరు గారు ఆమెను దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్పించి మందులు మొదలుపెట్టారు. ఆ సాయంత్రం నన్ను పిలిచి చెప్పారు.

"ప్రసవమైన రోజుల్లోనే, ఉన్నట్టుండి వచ్చింది. పూట పూటకీ మనసు మారిపోతోంది. ఇలాంటి వాళ్లు చాలామంది పూర్తిగా బాగుపడతారు. ఇప్పుడే పేరు పెట్టొద్దమ్మా. చూద్దాం."

చూద్దాం. అంతే అన్నారు ఆయన. ఆ ఒక్క మాట మీద నిలబడటం నాకు చేతకాలేదు.

ఆసుపత్రి వరండాలో మంజుల అత్త నన్ను ఆపింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పసిపిల్లను భుజాన వేసుకుని, నిద్ర లేక కళ్లు వాచిపోయి ఉంది.

"అమ్మా, గిదేం బీమారి? పేరేందో చెప్పు. ఇంటికాడ అందరు అడుగుతున్నరు."

"డాక్టరు గారు ఇంకా చూస్తున్నారండి" అన్నాను.

"నువ్వు గూడ డాక్టరువే గద. నీకు తెల్వదా?"

ఆ చివరి మాట నన్ను గుచ్చింది. నాకు తెలియదని ఒప్పుకుంటే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. నిజానికి అప్పుడు ఎవరికీ తెలియదు, అంత పెద్దాయనకే తెలియదు. కానీ నేను చెప్పాను. స్కిజోఫ్రీనియా కావచ్చన్నాను. "కావచ్చు" అన్నది ఆవిడ చెవిన పడలేదు. నేనే అంత చిన్నగా అన్నానేమో. ఆవిడ ఆ పేరును నాచేత మళ్లీ చెప్పించుకుంది. ముక్కలు ముక్కలుగా పలికి చూసుకుంది. తగ్గుతుందా అని అడిగింది. జీవితాంతం మందులు వాడాల్సి రావచ్చన్నాను.

మీకు ఇక్కడ ఒక విషయం చెప్పాలి. స్కిజోఫ్రీనియా సిగ్గుపడాల్సిన జబ్బు కాదు. ఆ జబ్బుతో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ బతుకుతున్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల ప్రాణం నిలిపింది మందులే. కానీ ఆ పేరు పెట్టడానికి నెలల తరబడి చూడాలి. మంజులకు వచ్చింది వేరు. ప్రసవం తర్వాత కొద్దిమందికి మనసు అలా ఒక్కసారిగా కట్లు తెంచుకుంటుంది. వెంటనే వైద్యం అందితే ఎక్కువమంది మునుపటి మనుషులైపోతారు. మళ్లీ ప్రసవమైతే జాగ్రత్త పడాలి, నిజమే. కానీ జీవితాంతం ఆ తల్లిని అనుమానంగా చూడాల్సిన పని లేదు. ఇది నాకు కొత్తగా తెలిసింది కాదు. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న విషయమే.

అక్కడితో ఆగి ఉంటే అది పొరపాటు. కుర్రతనం, తొందరపాటు, ఏదో ఒకటి అనుకోవచ్చు. నేను మీకు చెప్పాలనుకున్నది అది కాదు.

కొన్ని నెలలకు మంజుల మళ్లీ వచ్చింది. ఎండలు ముదురుతున్న రోజులు. కొత్తపేట పండ్ల మార్కెట్‌కు మామిడికాయల లారీలు వచ్చి రోడ్డంతా నిలిచిపోయి, నేను క్లినిక్‌కు ఆలస్యంగా చేరాను. నా గది బయట బెంచీ మీద తల్లితో కూర్చుని ఉంది. గుర్తుపట్టలేదు మొదట. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, అందరిలాంటి ఒక అమ్మాయి. అప్పటికి ఆమెను ఎల్‌బీ నగర్‌లో పుట్టింటికి పంపేశారట. అత్తవాళ్లు వేరే ఆసుపత్రిలో చూపించి, నేను చెప్పిన పేరే అక్కడా చెప్పారట. అక్కడి డాక్టరు ఆ పేరుకు తగ్గ మందులే రాశాడు. పాప మాత్రం హయత్‌నగర్‌లోనే ఉంది.

ఆ రోజు మా మధ్య జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మరిచిపోవాలని చూశాను కాబట్టే అనుకుంటాను.

"మేడం, నాకు మంచిగైంది. చూడుండ్రి. నిద్ర పడుతుంది. వంట చేస్తున్న, మిషన్ కుడుతున్న. ఆ రోజులల్ల నేనేమన్ననో తల్సుకుంటే నాకే నవ్వొస్తది, సిగ్గయితది."

"మంచిదమ్మా" అన్నాను.

"ఐతారం నాడు పెద్దమనుషులు పంచాయితి కూసుంటున్నరు. పాపను నాకు ఇయ్యం అంటున్నరు మా అత్తోళ్లు. నాకు ఈ బీమారి జన్మల తక్కువ గాదట. మీరు ఫోన్ల ఒక్క మాట చెప్తే సాలు."

"ఏం చెప్పమంటారు?"

"గా పేరు నాది కాదని చెప్పుండ్రి."

నేను ఆమె వైపు చూశాను. నాకు ఎదురుగా కూర్చున్నది ఏ జబ్బూ లేని మనిషి. అది నాకు తెలుసు. అనుమానం కూడా కాదు, తెలుసు. జరిగినదంతా వరసగా చెప్పగలుగుతోంది, దాన్ని చూసి నవ్వుకోగలుగుతోంది, భయపడాల్సిన దానికే భయపడుతోంది. పక్క గదిలో డాక్టరు గారు ఉన్నారు. తలుపు తట్టి, సార్ ఒకసారి రండి అంటే చాలు. కానీ ఆయన వస్తే, ఆ పేరు ఎవరు చెప్పారమ్మా అని అడుగుతారు.

"ఈ జబ్బు ఇలాగే ఉంటుంది మంజులా" అన్నాను. "తగ్గినట్టే కనిపిస్తుంది. మందులు మాత్రం మానకండి."

ఆమె మొహంలో రంగు పోవడం చూశాను.

"అంటే మళ్లొస్తదా?"

"రావచ్చు."

"పెద్ద సార్‌ను ఒక్కపాలి కలుస్త మేడం."

"ఆయన కూడా ఇదే అంటారు."

కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "పాపను ఎత్తుకుంటే ఏమన్న అయితదా? నేనేమన్న చేస్తనా?"

"ఒంటరిగా ఉన్నప్పుడు ఎత్తుకోకపోవడమే మంచిది" అన్నాను.

ఇదీ నేను చేసింది. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ బతిమాలలేదు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి, ఒక పెద్దాయన నన్ను చూసి కాసేపు మొహం చిట్లించకుండా ఉండటానికి, ఒక తల్లికి తన చేతుల మీద తనకే భయం పుట్టించి పంపాను. ఆమె లేచి నాకు దండం పెట్టింది. ఆమె తల్లి కూడా పెట్టింది.

కొన్ని వారాల తర్వాత డాక్టరు గారు ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు, ఆ బాలింత అమ్మాయి మళ్లీ కనబడలేదేమని. బాగానే ఉన్నట్టుంది సార్ అన్నాను. "బాగుంటుందిలే, వాళ్లు బాగుపడతారు" అని సంతోషపడ్డారు. ఆయన ఇప్పుడు లేరు. క్లినిక్ కూడా లేదు.

పెద్దమనుషులు కూర్చున్నారు. పాప తండ్రి దగ్గర ఉండాలన్నారు. మంజుల ఎదురు చెప్పలేదట. ఆ మాట విన్నప్పుడు ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. తర్వాత విడాకులయ్యాయి, అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇవన్నీ నాకు మంజుల చెప్పినవే. ఎందుకంటే ఆమె నా దగ్గరికి రావడం మానలేదు. ఏడాదికోసారి, రెండేళ్లకోసారి, నేను సొంతంగా గది పెట్టుకున్నాక అక్కడికి కూడా వెతుక్కుని వచ్చేది. మందులు మానలేదని చెప్పడానికి వచ్చేది. మంచి విద్యార్థి టీచరుకు హోంవర్కు చూపించుకున్నట్టు. ఆ మందులతో ఒళ్లు వచ్చింది. నడక మందగించింది. చేతులు వణికి కొలతకు గుడ్డ కత్తిరించలేక, జాకెట్లు కుట్టడం వదిలేసి చీరలకు ఫాల్స్ కుట్టడానికి మాత్రం ఒప్పుకునేది. ఆ వణుకు చూసి కూడా, డాక్టరును అడిగి తగ్గించుకోండి అని ముక్తసరిగా చెప్పి పంపేదాన్ని. ఎందుకు తగ్గించాలో చెప్పాలంటే అసలు ఎందుకు మొదలైందో చెప్పాలి కదా.

ఒకసారి కొత్తపేట రైతుబజార్‌లో కనిపించింది. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. ఆమే జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పక్కనున్న ఆవిడకు నన్ను చూపించి, "గీ మేడం వల్లనే నేను గిట్ల నిలబడ్డ" అంది. తోటకూర కట్ట చేతిలో పట్టుకుని నేను నవ్వాను. నవ్వగలిగాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను కొన్నాళ్లుగా సైకాలజీ చదివే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. జబ్బుల వర్గీకరణ నా పాఠమే. గడువు పూర్తికాకుండా పేరు పెట్టకూడదని చెబుతూ, ఉదాహరణగా మంజుల కథే చెప్పేదాన్ని. ఊరు మార్చి, పేరు మార్చి, ఎవరో తొందరపాటు మనిషి చేసిన తప్పుగా చెప్పేదాన్ని. పిల్లలు బాధపడేవారు. ఒకమ్మాయికి కోపం వచ్చి, అలాంటి వాళ్లకు లైసెన్సు ఎలా ఇస్తారు మేడం అంది. అవునమ్మా అన్నాను. బోర్డు తుడిచి తర్వాతి విషయానికి వెళ్లాను. అలా చెబితే కొంత తీరుతుందనుకున్నానా? దొంగ తన దొంగతనాన్ని కథగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నట్టు కాదా అది?

ఇలాగే గడిచిపోయేదేమో. నేను రిటైరయ్యేదాన్ని, ఆమె ఏదో ఒక రోజు రావడం మానేసేది.

ఈ ఏడాది మంజుల కూతురితో వచ్చింది. పేరు హారిక. ఇంటర్ చదువుతోంది. పరీక్షలు దగ్గరపడి నిద్ర పట్టక, తిండి సహించక, సవతి తల్లితో ఏదో మాట మీద గొడవై కంచం విసిరికొట్టిందట. నానమ్మ వెంటనే, తల్లి బీమారే వచ్చిందంది. తండ్రి బట్టల బ్యాగుతో సహా ఎల్‌బీ నగర్‌లో దింపి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు ఇవ్వని బిడ్డను అలా ఇచ్చారు.

మంజుల గుమ్మంలోనే నా చేతులు పట్టుకుంది. "నాది దీనికి అంటుకుందా మేడం? మీరు జెప్తేనే నమ్ముత."

తల్లిని బయట కూర్చోబెట్టి హారికతో మాట్లాడాను. సన్నగా, గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. అడిగినవాటికి చక్కగా జవాబులు చెప్పింది. భయం ఉంది, బెంగ ఉంది, ఇంట్లోంచి పంపేశారన్న అవమానం ఉంది. అంతకుమించి నాకేమీ కనిపించలేదు. నిద్ర ఎందుకు పట్టడం లేదని అడిగాను.

"పండుకుంటే ఏమన్న గొంతు ఇనొస్తదేమోనని చూస్కుంట ఉంట మేడం."

"ఎప్పుడైనా వినిపించిందా?"

"లే. కని మా అమ్మకు ఇనొచ్చినయంట గద. నాకెప్పుడొస్తదోనని."

ఆ పిల్ల లేని గొంతు కోసం చెవులు రిక్కించుకుని నిద్ర పాడుచేసుకుంటోంది. రేపు ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు. తల్లికి స్కిజోఫ్రీనియా అని చెబుతారు. అప్పుడు ఈ గోళ్లు కొరకడం, ఈ నిద్రలేమి, ఆ విసిరిన కంచం, అన్నీ వేరేలా కనబడతాయి. నేను కూడా అలాగే చూసేదాన్ని, నాకు నిజం తెలియకపోతే. నేను వరండాలో నిలబడి అన్న ఒక్క మాట ఈ పిల్ల దాకా నడిచొచ్చింది.

హారికను బయటికి పంపి మంజులను పిలిచాను. ఎలా చెప్పాలో చాలా ఏళ్లుగా మనసులో కూర్చుకున్న వాక్యాలు ఏవీ రాలేదు. "మంజులా, నీకు ఆ జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. నేను తప్పు చెప్పాను" అన్నాను. ఏది ఎలా జరిగిందో చెప్పాను. పక్క గదిలో డాక్టరు గారు ఉన్న సంగతి కూడా.

ఆమె అరవలేదు. ఏడవలేదు. అర్థం కాలేదేమో అనుకున్నాను. అప్పుడు అడిగింది.

"నేనొచ్చి అడిగిన రోజు మీకు తెలుసా?"

"తెలుసు."

"నా మొకం జూస్తనే చెప్పిన్రు గద, ఎత్తుకోవద్దని."

"అవును."

తల ఊపింది. ఏదో లెక్క సరిపోయినట్టు, అంతే. తర్వాత, "నాకు గాదు. దానికి చెప్పుండ్రి" అంది.

హారికను పిలిచి మళ్లీ చెప్పాను. రెండోసారి సులువు కాలేదు. ఆ పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె నా వైపు చూడనే లేదు. తల్లి వైపు తిరిగింది.

"నువ్వు మంచిగనే ఉంటే నన్నెందుకు ఇడిసిపెట్టినవ్?"

మంజుల తన కుర్చీ కూతురి దగ్గరికి జరుపుకుంది.

"నీకేమన్న చేస్తనేమోనని భయమైంది బిడ్డా."

"నేను చెప్పబట్టే మీ అమ్మ భయపడింది" అన్నాను. ఇద్దరూ విననట్టే ఉన్నారు. ఆ క్షణంలో నా ఒప్పుకోలు ఎవరికీ అక్కర్లేదు. వాళ్ల మధ్య తెగిపోయినదాన్ని చూసుకోవడంలో వాళ్లున్నారు, నేను గదిలో ఉన్న కుర్చీలాంటి దాన్ని. మంజుల చెయ్యి చాపి కూతురి భుజం మీద వెయ్యబోయింది. హారిక పక్కకు జరిగింది. చెయ్యి గాలిలోనే ఆగి, తిరిగి ఒళ్లోకి వచ్చింది.

నాకు నమ్మకమున్న ఒక మానసిక వైద్యుడికి వాళ్లెదుటే ఫోన్ చేసి, జరిగింది నా పేరుతోనే చెప్పాను. ఇన్నేళ్లు వాడిన మందులు ఒక్కసారిగా మానకూడదని, ఆయన చూసి నెమ్మదిగా తగ్గిస్తారని మంజులకు చెప్పాను. హయత్‌నగర్ వచ్చి మీ అత్తవాళ్లకు నేనే చెబుతానన్నాను. "ఇప్పుడొద్దు. అక్కెరుంటే నేనే పిలుస్త" అంది. లేచింది. ఈసారి దండం పెట్టలేదు. గుమ్మం దాటుతూ, బయట బెంచీ మీదున్న వాళ్లను చూసి, "మేడం, శానాసేపటి సంది కూసున్నరు, పిలుచుకోండ్రి" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఏమీ లేదు.

నేను పిలిచాను. ఏం చెయ్యను? వచ్చినావిడ చెప్పింది విన్నాను. ఆవిడ, నాకు ఏం జబ్బండి అని అడిగితే, ఇప్పుడే చెప్పలేనమ్మా, నాకింకా తెలియదు అన్నాను. చిన్నబుచ్చుకుంది. ఇంకెక్కడికైనా వెళుతుందేమో కూడా.

వాళ్లు ఆ డాక్టరు దగ్గరికి వెళుతున్నారని మాత్రం తెలిసింది. అంతకుమించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మంజుల చేతుల వణుకు తగ్గుతోందో లేదో, హారిక నిద్రపోతోందో లేదో, ఆ ఇంట్లో తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారో లేదో నాకు తెలియదు. ఫోను తీసి ఆమె నంబరు దాకా వెళ్లి ఆగిపోతుంటాను. నా మనసు కుదుటపడటం కోసం ఆమెను మళ్లీ పలకరించడం ఇంకో తప్పు అవుతుందనిపిస్తుంది. మంజుల పిలవలేదు. పిలవకపోవచ్చు.

మీరు నన్ను క్షమించాలని ఇది చెప్పలేదు. క్షమించడానికి మీరు మంజుల కాదు. మొత్తంగా ఒకసారి, ఎక్కడా ఊరు మార్చకుండా, తప్పు వేరొకరి మీద పెట్టకుండా చెప్పి చూడాలనుకున్నాను. బాగుపడబోయే ఒక బాలింతకు ఆమెది కాని జబ్బు పేరు పెట్టాను. అది తప్పని తెలిసి, ఆమె వచ్చి నోరు తెరిచి అడిగితే, దిద్దలేదు. ఇంతే. రాశాక కాస్త ఊపిరి ఆడుతున్నట్టుంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.